అన్న కళ్లద్దాల్లో ఆమె ఎవరు?

కుదరబోయే పెళ్లి సంబంధాన్ని చెడగొట్టాలంటే లోకంలో బోలెడు దారులున్నాయి. ఆకాశరామన్న ఉత్తరం రాయవచ్చు. పెళ్లివారి ముందు పిల్లగాడి పాత సంగతులు తవ్వవచ్చు. నేను అవేవీ చేయలేదు. కాలువ గట్టు కింద గడ్డిలో వెల్లకిలా పడుకున్నాను. అంతే. ఆ పడక దెబ్బకు బిచ్కుందలో పరాయివాళ్ల ఇంట్లో మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బుద్ధెరిగి అబద్ధమాడని మా అన్న అబద్ధమాడాడు. నేనైతే చేతిలోని చాయ్ కప్పులోకి దూకి మునిగిపోవడానికి వీలవుతుందా అని లోతు చూశాను.

అసలు నా చేతికి కెమెరా ఇచ్చినవాళ్లను అనాలి. ఇచ్చింది మా అన్నే. అన్న పేరు నర్సింలు. బాన్సువాడ బస్టాండు దగ్గర మోటార్లు బాగుచేసే దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టి మళ్లీ బతికిస్తాడు. నాకు ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో ఎవరి దగ్గరో వాడిన కెమెరా కొని తెచ్చిచ్చాడు. పాపం, మనిషి మంచివాడు. ముందుచూపు లేదు.

ఆ రోజు నుంచి నాకు లోకం మామూలుగా కనిపించడం మానేసింది. అందరికీ బస్టాండులో గుంతలు కనిపిస్తే, నాకు గుంతలో తలకిందులుగా వేలాడే బస్సు కనిపించేది. ఆ బస్సును తీద్దామని వంగితే అసలు బస్సు వచ్చి గుంత నీళ్లన్నీ నా మీద పోసి పోయేది. నిజాంసాగర్ నీళ్లలో సూర్యాస్తమయం తీయాలని పోతే, కరెక్టుగా సూర్యుడు దిగే ముందు కెమెరా బ్యాటరీ దిగిపోయేది. ఒకసారి అమ్మ ముచ్చటపడి కొత్తచీర కట్టుకుని ఫొటో తీయమంది. నేను అమ్మ ముక్కుపుడకలో మెరుస్తున్న కిటికీని తీశాను.

"కిటికి మంచిగుంది. నా మొకమేది బిడ్డా?" అంది అమ్మ.

కళ అర్థం కాని ఇంట్లో పుట్టాను కదా అని నేను నిట్టూర్చాను.

ఇక అన్న సంగతి. మా అన్నకు దేవుడు పనితనమంతా చేతుల్లో పెట్టి, కాళ్ల దగ్గరికి వచ్చేసరికి పొదుపు పాటించాడు. పొట్టి. జాతరలో తప్పిపోతే, చెయ్యి పైకెత్తమని ఫోన్ చేసి వెతుక్కోవాలి. అన్నకు దాని గురించి చింత లేదు. చింతంతా పిల్లనిచ్చేవాళ్లకే. "పిల్లగాడు మంచోడే గని..." అనేవాళ్లు. ఆ 'గని' తర్వాతి మాట ఎవరూ నోటితో అనలేదు. అరచెయ్యి నేలకేసి చాచి కాస్త కిందికి దించేవాళ్లు. అలా చాలా అరచేతులు చూశాం.

అప్పుడు మా సాయిలు మామ బిచ్కుంద సంబంధం తెచ్చాడు. అమ్మాయి పేరు మౌనిక. అక్కడే ఏదో ఆఫీసులో కంప్యూటర్ మీద పని. వచ్చిన ఫొటోలన్నింటిలోనూ కూర్చునే ఉంది. కుర్చీలో, మంచం మీద, స్కూటీ మీద.

"ఎంత నిమ్మలమున్న పిల్లనో!" అని అమ్మ మురిసిపోయింది.

"వాళ్లకు పిల్లగాడు జర పొడుగుండాలెనట. నిలవడ్డ ఫొటో పంపుమన్నరు," అన్నాడు మామ.

ఇంట్లో అందరి ముఖాలూ వాడిపోయాయి. నా ముఖం మాత్రం వెలిగింది. అంతకు ముందు వారమే ఫోన్లో ఒక వీడియో చూసి, కింది నుంచి ఫొటో తీస్తే మనిషి ఎత్తుగా కనిపిస్తాడని నేర్చుకున్నాను. సగం చదువు ఎంత ప్రమాదమో మా బడిలో పిల్లలకు నేను రోజూ చెప్పేదాన్నే.

సాయంత్రం అన్నను కాలువ గట్టు మీదికి లాక్కుపోయాను.

"నువ్వు గట్టు మీద నిలవడన్నా. నేను కింద పండుకుంట."

"కింద పండుకునుడెందుకే? పురుగుబూసి ఉంటది."

"కింది నుంచి తీస్తే మనిషి పొడుగు కనవడ్తడు. దాన్ని పర్‌స్పెక్టివ్ అంటరు."

"మోసం అంటరు," అన్నాడు అన్న. "ఉన్నది ఉన్నట్టు తియ్యరాదు?"

"ఉన్నది ఉన్నట్టు తీసుడు ఆధార్ కార్డోళ్ల పని. నువ్వు గీ నల్ల కండ్లద్దాలు పెట్టుకో. ఎండకు కండ్లు చిట్లిస్తున్నవు."

నేను జడ విప్పేసి గడ్డిలో పడుకున్నాను. జడ ఎందుకు విప్పానని అడక్కండి. అది తలకింద గుచ్చుకుంది, అంతకుమించి ఏ రసికత్వమూ లేదు. చీమలు మాత్రం నన్ను విందుకు పిలిచినట్టే వచ్చాయి. అన్న ఎంతకీ నవ్వడు. పాస్‌పోర్టు ఫొటోకు నిలబడ్డట్టు బిగుసుకుపోయాడు. అంతలో గడ్డిమోపుతో పోతున్న ఒకామె ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓ తమ్మీ! ఆడివిల్ల కింద వడ్తె లేవట్టకుంట సూసుకుంట నిలవడ్డవేంది?"

అన్న నా వైపు వంగి చూసి ఫక్కున నవ్వాడు. నేను టక్కున నొక్కాను.

అబ్బ, ఏం ఫొటో అండీ అది! అన్న కాళ్లు గట్టు దగ్గర మొదలై, తల మబ్బుల దగ్గర పూర్తయింది. వెనుకున్న కరెంటు స్తంభం అన్న భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"గీయన ఎవరే?" అన్నాడు అన్న చూసి.

"నువ్వే."

"నేను కాదు. నా కాళ్లు నాకు గింత దూరముండయి."

"పిల్లకు నచ్చితే సాలు. ఊకో."

"రేపు వాళ్లింటికి పోయి నిలవడితే ఏం జెప్తవు?"

"అప్పటికి నీ గుణం జూసి పడిపోతరు తియ్యి."

ఫొటోలో పెంచిన ఎత్తు మనిషితోపాటు బండెక్కి రాదన్న చిన్న విషయం నాకు తట్టలేదు. మామ ఫొటో పంపాడు. గంటలో జవాబు. పిల్లగాడు మస్తున్నాడు, ఆదివారం వచ్చి పిల్లను చూసుకోండి అన్నారు. ఆ రోజు నన్ను పట్టుకోలేకపోయారు మా ఇంట్లో.

ఆదివారం బిచ్కుంద వెళ్లాం. నిజాంసాగర్ నీళ్లు వదిలారని నాన్న పొలానికి ఆఖరి తడి పెడుతూ ఉండిపోయాడు. ఆయన అదృష్టవంతుడు. మౌనిక వాళ్ల బాపు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. అన్నను దాటి వెనక్కి చూస్తూ, "రాండ్రి రాండ్రి. పిల్లగాడేడి? బండి నీడకు పెట్టి వస్తుండా?" అన్నాడు.

"గిదో, గీయనే," అన్నాడు మామ గొంతు సవరించుకుని.

ఆయన చూపు ముందు మా అన్న నెత్తికి చాలా పైన గాలిలో వెతికింది. అక్కడేమీ దొరక్క మెల్లగా మెట్లు దిగినట్టు దిగి అన్న ముఖం చేరింది. లోపల మంచం మీద మౌనిక వాళ్ల అవ్వ కూర్చుని ఉంది. ఆమెకు మొహమాటం అనేది పుట్టుకతోనే లేదు.

"ఫొటోల ఉన్నాయన పెద్దోడా? గీయన చిన్నోడా?"

"ఒక్కడే అవ్వా. ఆయనే గీయన," అన్నాడు మామ.

"మరి మిగిలింది ఏడవోయింది?"

మామ చెమట తుడుచుకుంటూ, "ఎండలు మస్తుగున్నయి గదవ్వా, జర గుంజుకపోయిండు," అన్నాడు. బట్టలు ఉతికితే కుదించుకుపోతాయని విన్నాను గానీ మనిషి సంగతి అప్పుడే విన్నాను.

మౌనిక నడుం బాగా వంచుకుని చాయ్ తెచ్చింది; సిగ్గనుకున్నాం. వాళ్ల బాపు కంగారుగా "కూసో బిడ్డా, కూసో" అంటూ కుర్చీ ఆమె కిందికి తోశాడు. ఆమె కూర్చుని అన్నను ఒకసారి చూసి, ఫోను తీసింది.

"నాకొకటి అడగాల్నుంది. ఈ ఫొటోల మీ కండ్లద్దాలను పెద్దగ జేసి సూసిన. అండ్ల ఒకామె పండుకుని ఉన్నది. ఎవరామె?"

నేను చేతిలోని చాయ్ కప్పు లోతు చూసింది అప్పుడే. లోకంలోని ప్రతి గుంతలోనూ, ప్రతి గాజుముక్కలోనూ ప్రతిబింబాల కోసం పడి దేవులాడిన నేను, అన్న ముఖం మీద పెట్టిన ఆ రెండు అద్దాల్లోకి తొంగి చూడలేదు!

అవ్వ ఫోను లాక్కుంది. కళ్లకు ఆనించి చూసింది. "ఎంటికలు ఇరబోసుకున్నది. గడ్డిల పండుకున్నది. మొకం దాసుకున్నది. గీయన సూడు, ఎట్ల నవ్వుతుండో!"

మా అమ్మ కొంగు నోట్లోకి వెళ్లింది అప్పుడే. ఫోను అన్న చేతికి వచ్చింది. చూశాడు. నా వైపు ఒక్క క్షణం చూశాడు. నేనని చెబితే, ఎందుకు పడుకున్నావని నన్ను అడుగుతారు. ఆ తర్వాత అందరూ కలిసి నన్ను దులిపేస్తారు. అది ఆయనకు అర్థమైంది.

"నాకు తెల్వది," అన్నాడు.

"తెల్వనామెను జూసి గట్ల నవ్వుతవా?" అంది అవ్వ.

మౌనిక ఫోను తీసుకుని లేవబోయింది. మామ "ఇగ మేం పోయొస్తం" అని చెప్పుల కోసం వెతకసాగాడు. పొట్టివాడన్న మాటతో ఇంటికి వెళ్లడం అన్నకు అలవాటే. కానీ ఆ రోజు ఇంకో పేరు మోసుకుని వెళ్తున్నాడు. అదీ నా వల్ల. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అది నేనే!" అని అరిచాను. "ఆయన చెల్లెను. మొకం మీద నల్లగుండేది కెమెరా. అన్న పొడుగు కనవడాలని నేనే పండుకున్న. వద్దు, ఉన్నట్టు తియ్యి అన్నడు. నేనే ఇనలే."

"పండుకుంటే ఎదుటోళ్లు పొడుగైతరా?" అంది అవ్వ, వకీలులాగా. "ఏదీ, నన్ను తియ్యి. సూస్త."

ఏం చేయను? పెళ్లిచూపులకు కట్టుకొచ్చిన పట్టుచీరతో వాళ్ల గచ్చు మీద వెల్లకిలా పడుకున్నాను. అవ్వ కర్ర పక్కన పెట్టి, ఛాతీ విరిచి నిలబడింది. మౌనిక ఫోనుతోనే తీసి చూపించాను. అవ్వ చాలాసేపు చూసుకుంది.

"వారీ! తాడిచెట్టు లెక్కున్న. పోరి చెప్పేది నిజమే!"

మౌనిక పగలబడి నవ్వుతూ లేచి నిలబడింది. నేల మీది నుంచి చూస్తే ఆమె తల ఫ్యానుకు తగిలేటట్టుంది. నా కోణమే కదా అనుకుని నేనూ లేచాను. లేచాక కూడా ఆమె అంతే పొడుగ్గా ఉంది. మా అన్న ఆమె భుజం దాటితే గొప్ప.

"కూసో బిడ్డా," అన్నాడు వాళ్ల బాపు గొంతు తగ్గించి.

"ఎంతసేపు కూసుంట బాపూ? ఫొటోలల్ల కూసోవెట్టిండ్రు. గిప్పుడు కూసోవెడుతుండ్రు. నేను నిలవడంగనే వచ్చినోళ్లంత చాయ్ సగం ఇడిసి పోయిండ్రు. వీళ్లు గూడ పోతే పోనియ్యి."

మా అమ్మ నోట్లోంచి కొంగు బయటికి వచ్చింది. "ఓహో, నిమ్మలమున్న పిల్ల అంటే గిదా!" అంది. పెద్దవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోలేక చాయ్‌లో చూసుకున్నారు. అన్న ఒక్కడే మౌనికను చూస్తున్నాడు, తల బాగా పైకెత్తి.

"మీరు నిలవడున్రి," అన్నాడు. "పొద్దంత వంగి మోటార్లు చుట్టెటోన్ని. జర పైకి సూసుడు నా మెడకు మంచిదే."

ఆమె నవ్వు ఆపుకుంటూ, "మరి తెల్వదని అబద్ధమెందుకు ఆడిండ్రు?" అంది.

"చెల్లెను తిడ్తరని."

మౌనిక మామను కూర్చోమంది. వేడి చాయ్ ఇంకోసారి తెచ్చింది. ఈసారి ఎవరూ కప్పులో సగం వదల్లేదు.

ఆ ఎండాకాలంలోనే పెళ్లయింది. పెళ్లికి పిలిచిన ఫొటోగ్రాఫర్ అన్నను పీట ఎక్కి నిలబడమంటే, మా వదిన ఆ పీటను కాలితో పక్కకు తోసేసింది. నన్ను కెమెరా ముట్టనివ్వలేదు. అందరం సంతోషంగా ఉన్నామనుకుంటుండగా, అవ్వ కొత్తచీర కట్టుకుని మండపంలో నా ముందుకొచ్చి నిలబడింది.

"పండుకో బిడ్డా. నన్ను తియ్యి. బిచ్కుందల గా ఫొటో జూసి అందరు కుళ్లిండ్రు."

పెద్దామె మాట కాదనలేక, ఆమె మనుమడి ఫోను తీసుకుని, మండపం నేల మీద పడుకున్నాను. సరిగ్గా అప్పుడే పెళ్లి ఫొటోగ్రాఫర్ ఇటు తిరిగాడు. ఇప్పుడు ఆ పెళ్లి ఆల్బం మొత్తంలో నా ఫొటో అదొక్కటే. చూసినవాళ్లంతా ఆ పేజీ దగ్గర ఆగి, "పాపం, గీమెకేమైంది? ఎండదెబ్బ తగిలిందా?" అని అడుగుతారు. మా వదిన మా అన్న వైపు చూస్తుంది. మా అన్న మాత్రం చాలా నిజాయితీగా, "నాకు తెల్వది" అంటాడు.

కాబట్టి పాఠకుల సాక్షిగా, నిజాంసాగర్ నీళ్ల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇక మీదట ఏ మనిషినీ ఉన్న ఎత్తు కంటే వెంట్రుకవాసి కూడా పెంచను. ఎవరి కోసమూ నేల మీద పడుకోను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని పడుకోవలసి వస్తే, ముందు ఎదుటివాళ్ల కళ్లద్దాలు తీయించి నా సంచిలో వేసుకుంటాను. ఆ తర్వాత జడ వేసుకుంటాను. అప్పుడే పడుకుంటాను.