గుడ్డ కప్పిన రేడియో

ఇంటికి ఒకటే కంప్యూటరు, దాని మీద ఇంటిల్లిపాదికీ హక్కు ఉండే రోజులవి. నేను అప్పుడే డిగ్రీ గట్టెక్కి, సామర్లకోటలో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో చేరాను. నాకు తెలియని స్క్రూ భూమ్మీద లేదనుకునే వయసు. దానికి తోడు హామ్ రేడియో లైసెన్సు కూడా చేతికొచ్చింది. (తెలియనివారి కోసం చెబుతున్నాను: డాబా మీద తీగ కట్టుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో గంటల తరబడి ‘వినబడుతోందాండి’ అని అడుగుతూ ఉండటమే హామ్ రేడియో. వినబడింది అంటే చాలు, ఆ పూటకి జన్మ ధన్యం.) ఊరికే మాట్లాడితే అందరిలో ఒకడినవుతానని, రేడియోని కంప్యూటరుతో నడపాలని పట్టుబట్టాను. అక్కడే మొదలైంది తంటా.

మా చుట్టుపక్కల హాములందరికీ పెద్దదిక్కు కటకట మాస్టారు. తంతి ఆఫీసులో జీవితమంతా టెలిగ్రాం మీట కటకటలాడించి రిటైరయ్యారు కాబట్టి ఆ పేరు. తునిలో ఉండేవారు. ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిదింటికి రేడియోలో అందరి హాజరూ తీసుకునేవారు. తుఫాను వచ్చి ఫోన్లు మూగబోతే తీరం నుంచి కబుర్లు అందించే బృందాన్ని ఎంపిక చేసేదీ ఆయనే. ఆ ఏడు కంప్యూటరు తెలిసినవాడు ఒకడు కావాలన్నారు. ఆ ఒకడు నేనే కావాలని నాకు ఎంత ఆశంటే, నిద్రలో కూడా హాజరు పలికేవాణ్ణి. “ఆదివారం భోజనాల వేళకి మీ ఇంటికొచ్చి చూస్తానండి. చెయ్యి ఉండగా కంప్యూటరెందుకో నాకైతే అర్థం కాదనుకోండి” అన్నారు మాస్టారు. నా వయసుకి మూడింతల వయసు ఆయనది. అయినా నన్ను ‘అండి’ అనకుండా పిలిచిన రోజు లేదు.

ఇక ఏ ఆపరేటింగ్ సిస్టం పెట్టాలన్నది ప్రశ్న. ముందు ఉన్న విండోస్ మీదే రేడియో సాఫ్ట్‌వేరు వేశాను. బాగానే నడిచింది. అంతలో భీమవరం నుంచి మా మేనత్త కొడుకు ఫోన్. రొయ్యల చెరువుల గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్‌తో రేడియో నడిపే ఘనుడతను. “ఏరా బావా, షాపులో పనిచేస్తూ ఇంకా విండోసేంట్రా? లినక్స్ పెట్టుకోనోడికి పిల్లనివ్వకూడదు” అన్నాడు. పిల్లనిచ్చేవాళ్ళు అప్పటికి ఎవరూ లేకపోయినా, ముందుజాగ్రత్తగా ఆ సాయంత్రమే మొత్తం చెరిపేసి లినక్స్ ఎక్కించాను. మర్నాడు మధ్యాహ్నం అమ్మ కంప్యూటరు ముందు కూర్చుని, “నా పేక ముక్కలేవిరా?” అంది. భోజనమయ్యాక కాసేపు ఆ పేకాట ఆడుకోవడం అమ్మకి అలవాటు. “ఇందులో పాము ఆట ఉందమ్మా” అన్నాను. “పాములతో నాకేం పని?” అంది. ఆ రాత్రి పప్పులో ఉప్పు లేదు. మళ్ళీ విండోస్ ఎక్కించాను. మళ్ళీ బావ ఫోన్. ఇలా అయిదుసార్లు మార్చాక, డిస్కుని అన్నదమ్ముల పొలంలా రెండు వాటాలు వేసి రెండూ పెట్టాను. వెలిగించగానే రెండు పేర్లు కనబడతాయి, పైది నాది, కిందిది నీది అని అమ్మకి చెప్పాను. “నాది కింద ఎందుకు పెట్టావు?” అంది. అదీ మార్చాను.

ఒక్క చిన్న పని మిగిలింది. రేడియోలో మాట్లాడాలంటే మైకు మీది బటన్ నొక్కాలి. కంప్యూటరు నడిపేటప్పుడు ఆ నొక్కే పని ఒక వైరు చేస్తుంది. కంప్యూటరు వెలగగానే వైరు దానంతటది నొక్కేయకుండా సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెట్టాలని చదివాను. తర్వాత పెడదాంలే అనుకున్నాను.

ఆదివారం తెల్లారేసరికి అమ్మ ముందుగది కడిగి, చుట్టాలొచ్చినప్పుడు టీవీకి కప్పే కుట్టుపని గుడ్డ తీసుకొచ్చి రేడియోకి కప్పింది. (మా వైపు కొత్త మనిషి వస్తున్నాడంటే ఇంట్లో ఏ యంత్రమూ నగ్నంగా కనబడకూడదు.) ఏడూ నలభైకి కంప్యూటరు వెలిగించాను. రేడియో నిశ్శబ్దంగా ఉంది. ఇంకా ఎవరూ రాలేదు కాబోలనుకున్నాను.

“మాస్టారు కారం తింటారా?” అంది అమ్మ.

“కారం సంగతేమో గానీ మధ్యాహ్నం నన్ను మాత్రం నమిలేస్తారు. ఆయనకి కంప్యూటరంటే గిట్టదమ్మా. తంతి ఆఫీసు మూసేశారని ఆయనకి ఇంకా ఎవరూ టెలిగ్రాం ఇచ్చినట్టు లేదు.”

“తప్పురా, పెద్దాయన్ని. ఆవ పెట్టి పనసపొట్టు కూర చేస్తున్నాను. గుత్తివంకాయ, ముక్కల పులుసు, పులిహోర, బొబ్బట్లు.”

“ఒక్క మనిషికి ఇన్నెందుకు?”

“ఒక్కరికి వండితే ఏం రుచొస్తుందిరా? ఇంకో పదిమందొచ్చినా సరిపోద్ది. ఎవరొచ్చినా తిని వెళ్ళాల్సిందే.”

అప్పుడు ఫోన్ మోగింది. బావ. “ఒరేయ్, నువ్వు నొక్కి పట్టుకుని ఉన్నావురా. ఇరవై నిమిషాలుగా జిల్లాలు జిల్లాలు మీ ఇల్లు వింటున్నాయి. నువ్వు వదిలితే గానీ ఇంకెవరికీ మాట్లాడే దారి లేదు” అన్నాడు. “మాస్టారు విన్నారంటావా?” అన్నాను. “ఇది కూడా వింటున్నారు” అన్నాడు బావ.

గుడ్డ ఎత్తి చూస్తే, మాట బయటికి పోతున్నప్పుడు మాత్రమే వెలిగే ఎర్రలైటు నిండుగా వెలుగుతోంది. వైరు పీకేశాను. ఇన్నాళ్ళ నా ఆశంతా ఆ వైరుతో పాటు ఊడి చేతిలోకొచ్చినట్టనిపించింది. అంతలో రేడియోలో మాస్టారి గొంతు, ఎప్పటిలాగే నెమ్మదిగా: “హాజరు తీసుకుంటున్నానండి. నా మటుకు నేను కారం తింటానండి.” ఒక్కొక్కరూ పలికారు. “హాజరండి, బయల్దేరుతున్నానండి.” “హాజరండి, పనసపొట్టంటే ప్రాణమండి.” పదకొండు మంది. ఆ రోజు హాజరు పలికినవాళ్ళలో రానన్నవాడు ఒక్కడూ లేడు. అమ్మ మాత్రం చెదరలేదు. “చెప్పానా, పదిమందొచ్చినా సరిపోద్దని” అని ఇంకో గిన్నె పొయ్యి మీద పెట్టింది.

మధ్యాహ్నానికి గుమ్మం ముందు చెప్పుల గుట్ట. మాస్టారు లోపలికి వస్తూనే జేబులోంచి పాత టెలిగ్రాం ఫారం ఒకటి తీసి, రెండు చేతులతో నాకు అందించారు. ‘తంతి ఆఫీసు మూసివేత. కబురు ఇప్పుడే అందింది. భోజనానికి వస్తున్నాను’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.

మూడో బొబ్బట్టు దగ్గర మాస్టారు, “ఇంతకీ ఏ సిస్టం బాగుందండి అమ్మగారూ?” అని అడిగారు. “పైనున్నదండి అన్నయ్యగారూ. పేకాట ఉంటుంది” అంది అమ్మ. ఆయన చెయ్యి కడుక్కుని నా వైపు తిరిగారు. “ఇరవై నిమిషాలు ఒక్క ముక్క పోకుండా వినబడ్డారండి. తుఫానులో నాకు కావాల్సింది అదే. బృందంలో మీ పేరు రాసుకుంటున్నాను. కాకపోతే ఆ గుడ్డ ఇంట్లోనే వదిలేసి రండి.” నా కళ్ళు చెమర్చాయి. ఆవఘాటు అని చెప్పాను.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆ ఫారం నా సొరుగులో ఉంది, ఆదివారం హాజరు నేను తీసుకుంటున్నాను. మొన్నామధ్య ఎనిమిదింటికి రేడియో పెట్టేసరికి ఎవరి వైరో నొక్కేసుకున్నట్టుంది, ఒక కుర్రగొంతు తాపీగా వినబడుతోంది. “ఆ అంకుల్‌కి ఇంకా పాత సాఫ్ట్‌వేరే కావాలమ్మా, కొత్తది చూపిస్తే హడలిపోతారు” అంటోంది. అంకుల్ అంటే నేనే. ఫోన్ చేసి ఆపేయమని చెప్పొచ్చు. చెప్పలేదు. వాళ్ళమ్మ వంట సంగతికి ఎప్పుడొస్తుందా అని, కాగితం పెన్ను దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.