స్టే పుట్

ఈ సంగతి రాసిపెట్టకపోతే నాతోనే పోతుంది. అందుకే రాస్తున్న.

అరవై తొమ్మిది, తెలంగాణ ఉద్యమం రోజులు. చేవెళ్ల నుంచి పట్నం పోయే బస్సును మొయినాబాద్‌లో ఆపేశారు. పక్క సీట్లో ఒకామె టెలిగ్రాం పట్టుకుని ఏడుస్తున్నది. భర్త పట్నంలో గుమాస్తా. మా దిక్కు టెలిగ్రామంటే చావు కబురే. చదివించకుండానే ఇంటిల్లిపాదీ శోకాలు పెట్టారట.

“జర ఇటియ్యి అక్కా.”

లైబ్రరీ నిఘంటువులో నేర్చిన మాటే అందులో ఉన్నది: స్టే పుట్. కింద భర్త పేరు, రాములు.

“ఉన్నకాడనే ఉండు, కదలకు అంటుండు మీ ఆయన.”

“అంటే బతికే ఉన్నడా తమ్మీ?”

“ఉండబట్టే గదా రాసిండు.”

ఆమె కళ్లు తుడుచుకున్నది. “నాకు రాని భాషల చెప్తడా? ఇంటికి రానియ్యి, చెప్తా,” అంటూ దిగింది.

నిఘంటువు ఇంటికిచ్చిన లైబ్రరీ నర్సింలన్నకు, తిరుగు బస్సును ఆపి ఆమెను ఎక్కించిన కండక్టరు యాదయ్యకు, ఆ రెండు మాటలు రాసి పంపిన రాములుకు నా దండాలు.