బలహీనతల గడి

డుంబ్రిగుడ పక్కనున్న మా ఊళ్లో పదో తరగతి దాటిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. అందుకే తొంభైల చివర్లో మహిళా సంఘం పెట్టుకున్నప్పుడు కార్యదర్శి పని నా నెత్తిన పడింది. మా మామిడికాయలను సంతలో షావుకార్లు అడ్డికి పావుసేరు లెక్కన ఎత్తుకుపోయేవారు. తాండ్ర ఆరబెట్టుకోడానికి మాకంటూ ఒక షెడ్డు ఉంటే చాలనుకున్నాం. దానికి గ్రాంటు కావాలి.

దరఖాస్తు రాయడం నేర్పడానికి పార్వతీపురం నుంచి ఒకాయన వచ్చేవాడు. చిన్న సంఘాలను గ్రాంట్లకు తయారుచేయడమే ఆయన ఉద్యోగం. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. మా అమ్మ పోసిన చోడి అంబలి తాగుతూ నిబంధనలు, తీర్మానాల పుస్తకం అన్నీ ఓపిగ్గా రాయించాడు. ఆ ఓపిక తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి దరఖాస్తులో ఒక గడి మిగిలింది: సంఘం బలహీనతలు. ఆడవాళ్లంతా అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించారు. పోట్లాటలున్నాయిగానీ అవి ఏ ఇంట్లో లేవు? ఖాళీగా వదిలేయమన్నారు.

జీపు దాకా సాగనంపుతుంటే ఆయన మళ్లీ అడిగాడు.

"మనసులో మాట చెప్పు చెల్లెమ్మా. కాగితం మీద పెట్టను. నేను తెలుసుకోడానికే."

నేను నవ్వేశాను. "మామిడి కొత్త పండగ సేసి దేవతకి పెట్టినదాకా మావోళ్లు కొత్తకాయ కొరకరు, కొయ్యరు. సెట్టుకింద రాలి కుళ్లినా ముట్టరన్నా."

ఆయనా నవ్వాడు.

వానలకు ముందు టైపు చేసిన ఉత్తరం వచ్చింది. అందరూ చుట్టూ చేరితే నేనే పైకి చదివాను. గ్రాంటు పార్వతీపురంలోని మరో సంఘానికి ఇచ్చారట. పేరు చూడగానే తెలిసింది, అది ఆయన భార్య నడిపే సంఘం; అంబలి తాగుతూ ఒకసారి ఆయనే చెప్పాడు. మాకు ఇవ్వకపోవడానికి కారణం కింద రాశారు: "మామిడి కొత్త పండగ చేసి దేవతకు పెట్టేదాకా వీరు కొత్తకాయ కొరకరు, కొయ్యరు. చెట్టుకింద రాలి కుళ్లినా ముట్టరు." నా మాటలే. 'మావోళ్లు'ను 'వీరు' అని, 'సెట్టు'ను 'చెట్టు' అని దిద్దాడంతే, మహానుభావుడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

దరఖాస్తు మీద మొదటి వేలిముద్ర వేసిన మా పెద్దమ్మ నోరు విప్పింది.

"ఈ మాట ఆడికెవులు సెప్పినారు?"

"నేనే పెద్దమ్మా. అన్ననుకుని సెప్పాను."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆడు పై ఊరోడు, ఆడి మాటొగ్గీ. నువ్వు మనింటి గుంటవి. మన దేవత మాట అట్టుకెళ్లి ఆడి సేతిలో ఎట్టీసినావేటి?"

ఆయన చేసిన ద్రోహానికి ఏడవాలో, నేను చేసినదానికి ఏడవాలో తెలియలేదు. తీర్మానాల పుస్తకంలో సగం పేజీలు అలాగే మిగిలిపోయాయి. తర్వాత ఎవరూ నన్ను రాయమనలేదు.

మరుసటి ఏడు కొత్త పండగనాడు పెద్దమ్మ అందరి చేతుల్లో పెట్టినట్టే నా చేతిలోనూ మామిడిముక్క పెట్టింది. నా మొహం మాత్రం చూడలేదు.