నాబ్ మీద వెల్డింగ్ చుక్క

మా ఆయనకి రెండు పిచ్చిలు. ఒకటి మిర్చి, రెండోది కారు. మిర్చి పిచ్చి ఇంటిల్లిపాదికీ ఉండేది. మా మామగారు కోస్తా నుంచి వచ్చి బూర్గంపాడు దగ్గర భూములు కొన్నదే అందుకు. కారు పిచ్చి మాత్రం ఈయనొక్కరిదే. హైదరాబాదులో ఎవరో పాతబడిందని అమ్మేస్తుంటే ఎగబడి తెచ్చుకున్నారు. ఎర్రది, రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, నేలకి ఆనుకుని ఉండేది. చీర కట్టుకుని అందులోంచి దిగడం ఒక విద్య. ఊళ్ళో అందరూ జీపులు కొనుక్కుంటుంటే మనకి ఈ కప్ప ఏమిటని నేను సాధించేదాన్ని. అయినా పట్టుబట్టి నాకు నడపడం నేర్పారు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, మిర్చి లారీకి ఎత్తే రోజుల్లో, బస్తాల మీద నుంచి జారి వెల్లకిలా పడ్డారు. వెన్ను దెబ్బతింది. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, వారానికి మూడు రోజులు వ్యాయామం చేయించాలని, కుడికాల్లో బలం ఈ మూడు నాలుగు నెలల్లో రావాలని, ఇప్పుడు రాకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. మాకు దగ్గర్లో ఆ వ్యాయామం చేయించేవాళ్ళు పాల్వంచలోనే ఉన్నారు.

మొదటిసారి కిరాయి జీపులో తీసుకెళ్ళాను. మధ్యలో అడవి దారి, గుంతలు. తిరిగొచ్చాక ఆయన గోడవైపు తిరిగి పడుకుని, "నేనిక రాను" అన్నారు. బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. పది రోజులు పోయాయి. ఒక్కో రోజూ ఆ కాలులోంచి ఏదో కారిపోతున్నట్టే ఉండేది నాకు. పదకొండో రోజున ఆయనే అన్నారు, "మన కారులో అయితే వస్తాను. సీటు వెనక్కి వాల్చుకోవచ్చు."

ఆ కారు షాకబ్జర్లు పోయి చాలా రోజులైంది. చక్రం గుంతలో పడితే స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా పట్టుకునేవి అవి. వాటి నూనె కారిపోయి, మిట్ట ఎక్కితే కారు పడవలా ఊగేది. ఆయన పడిపోకముందే మద్రాసు నుంచి కొత్తవి తెప్పించారు. ఒక్కోదానికి కిందివైపు ఒక నాబ్ ఉంటుంది. ఒకవైపు తిప్పితే మెత్తన, రెండోవైపు తిప్పితే గట్టి. ఆ డబ్బా మంచం కిందే ఉంది. తీసి, ఊళ్ళోని మెకానిక్‌కి కారుతో పాటు పంపాను.

అతను మంచి పనివాడే. కాకపోతే జీవితమంతా లోడు బండ్లతోనే గడిచింది. పది మంది పట్టే జీపులో పాతిక మందిని, ట్రాలీలో రెండింతల సరుకుని ఎక్కించే దారులు మావి. ఇక్కడ మెకానిక్ అనేవాడు ఏ బండినైనా గట్టి చేసే ఇస్తాడు. మర్నాడు సాయంత్రం ఫోను చేశాడు.

"మేడం, బిగిచ్చిన. రెండు మిర్చి బస్తాలేసి, నేను, మా పోరడు కూసోని తోలి చూసినం. మంచిగ పోతున్నది. నాబ్ ఫుల్ గట్టికి పెట్టిన. గని మన రోడ్లకు అదిరి అదిరి అది దానంతటదే తిరుగుతది. ఓ చుక్క వెల్డింగ్ పెట్టమంటరా? సారును ఓమాటు అడుగున్రి."

ఆయన మెలకువగానే ఉన్నారు. కారు గురించి అడిగితే అరగంట చెప్తారు. నాకు అంత ఓపిక లేదు. పైగా, ఒక్క పనైనా ఆయన్ని అడక్కుండా నేనే చేయించానని అనిపించుకోవాలన్న పట్టుదల ఒకటి. "అడగక్కర్లేదు, గట్టిగానే ఉండనీ. పెట్టెయ్" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు పాలేర్లు ఆయన్ని ఎత్తి నా పక్క సీట్లో కూర్చోబెట్టారు. ఎన్నాళ్ళకో గడ్డం గీసుకున్నారు. స్టీరింగు మీద ఒకసారి చెయ్యి వేసి తీశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. అడవిలోకి వచ్చాక తెలిసింది, కారు ఇప్పుడు ఊగడం లేదు, కొడుతోంది. ప్రతి రాయీ నా వెన్నులో తగులుతోంది. "కొత్తవి కదండీ, సర్దుకుంటాయి" అన్నాను. ఆయన తలూపారు. ఇంకాస్త దూరం పోయాక చూస్తే, ఒళ్ళో ఉండాల్సిన తువ్వాలు పళ్ళ మధ్య ఉంది. నేను మురిసిపోతున్నానని ఆ మనిషి నోరెత్తలేదు.

బండి ఆపేశాను. కాస్త అవతల ఆడవాళ్ళు ఇప్పపువ్వు ఏరుకుంటున్నారు. తలెత్తి మమ్మల్ని చూసి మళ్ళీ పనిలో పడ్డారు.

"గట్టికి పెట్టి ఉంటాడు. బస్తాలు వేసి చూశాడేమో, లోడు ఉంటే తెలీదు" అన్నారాయన, కళ్ళు మూసుకునే. "చక్రం వెనక నాబ్ ఉంటుంది. ఎడమకి తిప్పు, చాలు."

రోడ్డు మీద మోకాళ్ళూని చెయ్యి లోపలికి పెట్టాను. వేలికి వెల్డింగ్ చుక్క గరుగ్గా తగిలింది. ఎంత తిప్పినా కదల్లేదు. గోరు విరిగింది.

"తిరగట్లేదా?"

"తిరగట్లేదు. వెల్డింగ్ పెట్టేశాడు వాడు."

అందులో అబద్ధమేమీ లేదు. పెట్టింది అతనే. పెట్టమన్నది నేనని మాత్రం చెప్పలేదు.

"బండి వెనక్కి తిప్పు, ఇంటికి పోదాం" అన్నారు. ఆ వచ్చిన దారంతా నడక వేగంతో మళ్ళీ వచ్చాం. ఆయన ఒక్కసారి కూడా మూలగలేదు. మూలిగినా బాగుండేది.

ఆయన్ని పడుకోబెట్టి తిన్నగా షెడ్డుకి పోయాను. నలుగురు డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే మెకానిక్‌ని నానా మాటలూ అన్నాను. మనిషిని మోసే బండికీ బస్తాలు మోసే బండికీ తేడా తెలీదా అన్నాను. "మేడం, నేను ఫోన్ల..." అని మొదలుపెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళని చూసి ఆగాడు. "తప్పయింది మేడం" అన్నాడు.

మర్నాడు పిలవకుండానే ఇంటికొచ్చి వెల్డింగ్ కోసేశాడు. నాలుగు నాబ్‌లూ మెత్తకి తిప్పాడు. నేను కారుని పెద్దరోడ్డు దాకా తోలి తెచ్చాను. గుంతలు తెలిశాయి కానీ తగల్లేదు. వరండాలో మంచం మీద ఉన్న ఆయన దగ్గరికి పరిగెత్తాను. "ఇప్పుడు బాగుందండీ, నిజంగా. ఒక్కసారి రండి."

"చూశాను. బాగా పోతోంది" అన్నారు. "నా వల్ల కాదే."

ఆ నాలుగు నెలలూ ఆయన గేటు దాటలేదు. వ్యాయామం చేయించే అతను కొన్నాళ్ళు ఇంటికే వచ్చాడు, దూరమని మానేశాడు. కుడికాలు రాలేదు. ఎలాగూ వచ్చేది కాదేమో అని తర్వాత డాక్టరు అన్నాడు. కొన్ని రోజులు ఆ మాట పట్టుకుని పడుకోగలను, కొన్ని రోజులు పట్టుకోలేను.

కానీ నన్ను ఎక్కువగా తినేది వెల్డింగ్ కోసిన రోజున వరండాలో జరిగిందే. మెకానిక్ చేతులు కడుక్కుని వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నేను టీ తెచ్చాను. ఆయన అతనితో నెమ్మదిగానే అన్నారు, "ఎన్నేళ్ళ నుంచి నా బండి చూస్తున్నావు. వెల్డింగ్ పెట్టే ముందు ఒక్క మాట అడగొద్దూ?"

మెకానిక్ నా వైపు చూశాడు. నా చేతిలో ట్రే ఉంది. నేను చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని నాకు అప్పుడే తెలుసు. ఎంతసేపు ఆగాడో, నా కోసమే ఆగాడు.

"అవ్ సార్" అన్నాడు చివరికి. "అడిగేదుండె. మరిచిన." టీ గ్లాసు తీసుకున్నాడు.