అమ్మ మెయిన్ ఆపిన మధ్యాహ్నం

మొన్న వాన పడుతుండగా కరెంటు పోయింది. ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంది. ఉలిక్కిపడి దాన్ని పద్ధతిగా ఆపేయబోయిన నా చేతుల్ని చూసి నాకే నవ్వొచ్చింది, ఆ వెంటనే రేపల్లెలో మా ముందుగది గుర్తొచ్చి ఆ నవ్వు కాస్తా పోయింది. కరెంటు పోతే గుండె గుభేల్మన్న ఆ రోజులు మీలోనూ చాలామందికి గుర్తుండే ఉంటాయి.

రెండువేల దశకం మొదట్లో నేను వేమూరు బళ్లో టీచర్ని, తమ్ముడు బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతుండేవాడు. వాడు పట్టుబట్టి కొనిపించిన కంప్యూటర్‌లో డిస్కుని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో విండోస్, రెండోదాంట్లో లినక్స్ అనే ఇంకో వ్యవస్థ పెట్టాడు. మీట నొక్కగానే ఏది కావాలని అడిగేది. గొంతు ఆపరేషన్ చేస్తే నాన్నకి ఇక మాట ఉండదని డాక్టరు చెప్పేసరికి, ఆయన చర్చిలో పాడే కీర్తనలన్నీ తమ్ముడు ముందే పాడించి, ఓ మైకు తగిలించి కంప్యూటర్‌లో రికార్డు చేశాడు. విండోస్ వైపు వైరస్‌లు పడతాయని, భద్రంగా ఉంటాయని లినక్స్ వైపు దాచాడు. ఆ భద్రత సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆపరేషన్ తర్వాత నాన్న మధ్యాహ్నం భోజనమయ్యాక కంప్యూటర్ పెట్టుకుని తన పాటలు తనే వినేవారు. అమ్మకేమో పిడుగంటే హడల్, అంతకుముందు ఓసారి టీవీ కాలిపోయింది మరి. పెనుమూడి వైపు మబ్బు పట్టి ఓ ఉరుము ఉరిమితే చాలు, వంటింట్లోంచి పరుగున వచ్చి మెయిన్ ఆపేసేది. అలా ఆపకూడదు, దానికో పద్ధతుందని తమ్ముడు ఎంత మొత్తుకున్నా, “నీ పద్ధతయ్యేదాకా పిడుగు ఆగుతుందేంట్రా?” అని కొట్టిపారేసేది. ఏ మాటకామాట చెప్పుకోవాలి, కంప్యూటర్ని కాపాడుతున్నాననే ఆవిడ నమ్మకం. చాలాసార్లు అది డిస్కంతా తడుముకుని ఎలాగోలా లేచింది. ఒకనాటి మధ్యాహ్నం మాత్రం నల్లటి తెర మీద ఏవో నాలుగు ముక్కలు చూపించి అక్కడే ఆగిపోయింది.

తమ్ముడు తెనాలిలో స్నేహితుడి దగ్గర ఓ సీడీ పుచ్చుకుని రేపల్లె రైలెక్కి వచ్చాడు. ఆ సీడీతో కంప్యూటర్ని లేపి, చెదిరిన భాగాల హద్దులు సరిచేసి, ఏది కావాలని అడిగే తెర మళ్లీ తెప్పించాడు. విండోస్ లేచింది, ఫోటోలూ, పేకాటతో సహా అన్నీ పదిలం. ఇక లినక్స్ వైపు, ఇది బాగుచేయనా అది బాగుచేయనా అని అడుగుతుంటే సరే సరే అని నొక్కుతూ పోయాడు. మరమ్మతుకి ముందే డిస్కు మొత్తానికి నకలు తీసిపెట్టుకోవాలని వాడికి తర్వాతెప్పుడో తెలిసింది. తెలిసినా, ఇంకో డిస్కు మా దగ్గర ఎక్కడిది! చివరికి పేర్లు పోయి ఉత్త అంకెలతో కొన్ని ఫైళ్లు మిగిలాయి. వాటిలో గరగర తప్ప నాన్న గొంతు లేదు.

నాన్న పలక మీద “పోనీలే, నాకన్నీ నోటికొచ్చు” అని రాసి చూపించారు. అది చదివి అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్లిపోయింది.

మర్నాటి నుంచి, చర్చిలో కూడా పెదవులు మాత్రమే కదిపే మా అమ్మ, భోజనాలయ్యాక నాన్న పక్కన కూర్చుని, శ్రుతీ లయా ఎరగని గొంతుతో ఆ కీర్తనలు పాడటం మొదలుపెట్టింది. ఆయన కుర్చీ చేతి మీద తాళం వేస్తూ, తప్పినచోట తల అడ్డంగా ఊపేవారు, ఆవిడ విసుక్కుని మళ్లీ మొదటికొచ్చేది. సెలవు రోజుల్లో నేను పక్కగదిలో నవ్వుకునేదాన్ని. నాన్న ఉన్నన్నాళ్లూ అలాగే సాగింది.

ఇప్పుడు ఎవరి గొంతైనా ఫోన్‌లో దాచుకోవచ్చు, ఆ ఫోన్ పోయినా ఇంకెక్కడో పదిలంగా ఉంటుందట. మా ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరూ వెళ్లిపోయారు. పోయిన నాన్న పాటల కోసం తమ్ముడూ నేనూ ఇన్నేళ్లు బాధపడుతూనే ఉన్నాం. కానీ బాగుపడిన ఆ కంప్యూటర్, మైకుతో సహా, అమ్మ పాడే చోటికి చేతిదూరంలోనే ఉండేది. దాన్ని ఒక్కసారి పెట్టి అమ్మ పాట రికార్డు చేద్దామని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.