కొన కొయ్యని అతిథి

జావాలో మా ఊరి సముద్రం ఒడ్డున, పడవలు లాగిపెట్టే చోటుకు కాస్త పడమరగా, ఇసుకలో మోకాలెత్తు దిమ్మెలు ఐదారు కనిపిస్తాయి. ఒక్కోదాని మీద ఒక్కో చలువరాయి పరిచి ఉంటుంది. కొత్తవాళ్లు సమాధులనుకుని పక్కనుంచి నడుస్తారు. అవి సమాధులు కావు, హోటళ్లకు వేసిన తొలిరాళ్లు. ఒకదాని మీద పెద్ద హోటల్ పేరుంటుంది, ఇంకోదాని మీద పిల్లల నీళ్లాటల పార్కు పేరుంటుంది. మూడోదాని మీద అక్షరాలన్నీ ఉప్పుగాలి తినేసి, అప్పటి మేయరు సంతకం మాత్రం మిగిలింది. ఏ తొలిరాయి పక్కనా ఇంకో రాయి పడలేదు.

బు వార్సినికి, అంటే వార్సినమ్మకు, ఆ రాళ్లంటే గౌరవం. చలువరాయి ఎండకు సమంగా వేడెక్కుతుంది, ఇసుక అంటదు. రొయ్యల అప్పడాలు ఆరబెట్టుకోవడానికి ఆ తీరం మొత్తంలో అంతకు మించిన చోటు లేదు. పైగా ఆ రాళ్లు వేసిన ప్రతిసారీ వంట ఆమెదే.

ఆమె ఈ ఊరి పిల్ల కాదు. లోపల, పొగాకు పొలాల వైపు నుంచి పంతొమ్మిదేళ్లకు కోడలిగా వచ్చింది. బడి ఆరో తరగతితో ఆగిపోయింది. నలుగురిలో నోరు విప్పాలంటే చెవులు ఎర్రబడేవి. అత్తగారు ఆ వీధి మొత్తానికీ తుంపెంగ్ చేసిపెట్టే మనిషి. కొత్త పడవ నీళ్లలోకి దిగినా, బిడ్డ పుట్టినా, హజ్‌కు వెళ్లిన మనిషి క్షేమంగా తిరిగొచ్చినా పసుపన్నంతో గోపురం కట్టాల్సిందే. బియ్యం పసుపు నీళ్లలో నానబెట్టి, కొబ్బరిపాలతో కలిపి ఆవిరి మీద ఉడికించి, అరిటాకు పరిచిన కొనదేలిన వెదురు బుట్టలో వేడి మీదే అదిమి, పళ్లెంలో ఒక్కసారిగా బోర్లించాలి. బోర్లించేటప్పుడు కొన విరిగితే ఆ ఇంటికి మంచిది కాదంటారు. అందుకని ఆ కాసేపూ వంటింట్లో ఎవరూ మాట్లాడకూడదని అత్తగారి నియమం. అత్తవారింట్లో కొత్త కోడలికి అన్నిటికంటే నచ్చింది ఆ నియమమే.

అత్తగారి చేతులు వణకడం మొదలయ్యాక పని వార్సినికి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊరు చాలా అందమైనదని నగరపాలక సంస్థకు తెలిసింది. పెట్టుబడులను పిలవడానికి ఒక ఆఫీసు తెరిచారు. ఆ ఆఫీసు వాళ్లు జకార్తా నుంచి ఒకరిని, సింగపూర్ నుంచి ఒకరిని, ఎక్కణ్ణుంచో చెప్పని ఇంకొకరిని పిలుచుకొచ్చేవారు. ఎర్రగుడ్డ పందిరి వేసేవారు. బడిపిల్లలు నాట్యం చేసేవారు. మేయరు తుంపెంగ్ కొన కోసి అతిథికి అందించేవారు, ఫోటోలు తీసేవారు, తొలిరాయి వేసేవారు. అతిథులు వెళ్లిపోయాక మిగిలిన కోడికూరా పసుపన్నమూ వీధిలో అందరూ పంచుకునేవారు. మళ్లీ ఏడాదికో రెండేళ్లకో ఇంకొకరు వచ్చేవారు.

పెట్టుబడి రావాలని ఊరంతా కోరుకునేది. వార్సిని మటుకు వస్తూ ఉండాలని కోరుకునేది, వచ్చెయ్యాలని కాదు.

దానికి కారణం ఆఫీసు గోడకు తగిలించిన మ్యాపు. అందులో ఆమె ఇల్లున్న చోట నీలం రంగులో ఈతకొలను గీసి ఉంది. హోటల్ వాళ్లు నిజంగా వస్తే ఆ వరసలో ఇళ్లన్నీ తీసేసి, మనుషుల్ని బియ్యం మిల్లు వెనక కట్టిన నాలుగంతస్తుల ఫ్లాట్లలోకి పంపిస్తారు. ఆ ఫ్లాట్లలో కట్టెలపొయ్యి పెట్టనివ్వరు. మనిషి కూర్చుంటే పట్టేంత ఆమె ఆవిరిపాత్ర ఆ వంటింటి గుమ్మంలోంచి పట్టదు. ఆమె ఒకసారి కూరగాయల సంతకు వెళుతూ దారి మళ్లి, ఆ గుమ్మాన్ని జానతో కొలిచి మరీ చూసుకుంది.

మ్యాపు సంగతి విన్నరోజు ఆమె మొగుడు పార్మిన్ వల బాగుచేసుకుంటూ, తల కూడా ఎత్తకుండా అన్నాడు.

"సముద్రం పక్కన ఈతకొలను ఎందుకే? సముద్రానికి స్నానం చేయిస్తారా?"

ఈ కథ అలా వచ్చిన ఒక పెట్టుబడిదారు గురించి. ఆయన పేరు పాక్ హర్తాది, అంటే హర్తాది గారు, సురబాయాలో హోటళ్లున్న పెద్దమనిషి. ఆయన వస్తున్నాడని తెలిసిన రోజునుంచీ పెట్టుబడుల ఆఫీసు అధికారి పాక్ ఇస్మోయోకు నేలమీద కాలు నిలవలేదు. పొరుగు నగరం వాళ్లు తమ అతిథికి నడుమెత్తు తుంపెంగ్ పెట్టారట, ఆ ఫోటో అన్ని పత్రికల్లో వచ్చిందట. మనది మనిషెత్తు ఉండాలని ఆయన వార్సిని ఇంటికొచ్చి చెప్పాడు. అంత ఎత్తున అన్నం తన బరువుకు తనే కూలిపోతుందని వార్సిని నెమ్మదిగా అంది. లోపల వెదురు చట్రం పెట్టి, పైన పలచగా అన్నం అదమమన్నాడు ఇస్మోయో.

"కొన మాత్రం గట్టిగా పెట్టమ్మా. కోసేది కొనే కదా. కిందికి ఎవరొస్తారు?"

మాట నిజమే. ఇన్నేళ్లలో ఏ అతిథీ కొన దాటి కిందికి రాలేదు. పార్మిన్ వెదురు చీల్చి, నీలం ప్లాస్టిక్ తాడుతో చట్రం కట్టాడు. కట్టి దానిలో దూరి నిలబడి, తనను కూడా అతిథులకు వడ్డిస్తావా అని అడిగాడు. వార్సినికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. లోపల డొల్లగా ఉన్న తుంపెంగ్‌ను చూస్తే అత్తగారు ఏమనేదో ఆమెకు తెలుసు. అనడానికి అత్తగారు లేదు, అది ఒక సౌకర్యం.

వేడుక ఇంకా రెండు రోజులుందనగా పొద్దున్నే, ఒక ముసలాయన అద్దె మోటారుసైకిల్ మీద, కాళ్లకు రబ్బరు చెప్పులతో, వార్సిని అరుగు దగ్గర ఆగాడు. ఉదయం పూట ఆమె అరిటాకు పొట్లాల్లో అన్నం అమ్ముతుంది. ఒక పొట్లం తీసుకుని అక్కడే బల్లమీద కూర్చున్నాడు. పడమటి గాలి కాలంలో నీళ్లు ఎంతదాకా వస్తాయని అడిగాడు. తాగేనీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగాడు. ఆ దిమ్మెలేమిటని అడిగాడు.

"అప్పడాలు ఆరబెట్టుకోవడానికండీ," అంది వార్సిని.

ఆయన లేచి వెళ్లి, అప్పడాలు పక్కకు జరిపి రాతలు చదువుకుని తిరిగొచ్చాడు. మీసాల కింద నవ్వు కనిపించింది. రాబోయే అతిథి ఈయనేనని వార్సినికి అర్థమైంది. ఇంతవరకూ వచ్చిన వాళ్లందరూ నీడ ఎక్కడుందని మాత్రమే అడిగారు. నీళ్ల గురించి అడిగిన మొదటి మనిషి ఈయనే. ఈయన నిజంగా కట్టేలా ఉన్నాడు.

"ఎల్లుండి వేడుకకు తుంపెంగ్ చేసేది మీరేనటగా," అన్నాడు ఆయన, పొట్లం అంచునుంచి జాగ్రత్తగా తింటూ. "ఎన్ని చోట్ల చూశానో. మైకు పట్టుకోవడం, కొన తెగ్గొయ్యడం. మా నాన్నమ్మ దగ్గర ఆ పని చేస్తే చేతిమీద ఒక్కటి పడేదమ్మా. కొన దేవుడి వైపు చూసేది. దాన్ని మనం కొయ్యకూడదు. అడుగునుంచి తోడుకుంటూ పోతే తనే దిగొస్తుంది."

"మా అత్తగారూ అదే చెప్పేదండీ," అంది వార్సిని. అది నిజమే. కానీ మేయర్లు వచ్చాక అత్తగారి మాట ఎవరికి కావాలి?

"మీ ఇల్లు ఇదేనా?" అని అడిగి ఆయన జేబులోంచి మడతపెట్టిన మ్యాపు తీశాడు. చాలాసేపు చూశాడు. మళ్లీ మడిచి పెట్టేశాడు. పొట్లం డబ్బులిచ్చి, మిరపకాయ పచ్చడి ఇంకొంచెం అడిగి కట్టించుకుని వెళ్లాడు.

ఆ తర్వాత చెయ్యాల్సిందేమిటో వార్సినికి స్పష్టంగా తెలుసు. అతిథి అడుగునుంచి తోడతాడని ఇస్మోయోకు ఒక్క మాట చెప్పాలి. లేదా తనే చట్రం అడుగున నాలుగు వేళ్ల మందం బదులు మూరెడు మందం అన్నం అదమాలి. బియ్యం కొట్లో ఉన్నాయి, చేతుల్లో ఓపిక ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఇస్మోయో చట్రం చూడడానికి వచ్చినప్పుడు ఆమె చెబుదామనే దగ్గరికి వెళ్లింది. ఆయన తీరం వెంబడి కొత్తగా కొబ్బరిచెట్ల వరస పెట్టిస్తున్నాడు. నీడ లేదని వెనకటి అతిథులు గొణిగారుగా, అందుకు. నర్సరీలో అన్ని చెట్లు దొరక్క, పనివాళ్లు ఎక్కడో నరికిన లేతచెట్లను తెచ్చి ఇసుకలో గుంటలు తీసి నిలబెడుతున్నారు. "నిటారుగా, నిటారుగా" అని ఇస్మోయో కేకలేస్తున్నాడు. వార్సినిని చూసి, ఏం కావాలమ్మా అన్నాడు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. చెట్లను చూసింది. ఏమీ లేదు సార్ అంది. గొంతుదాకా వచ్చిన మాటను మింగేసింది. అంత సులువుగా ఏ మాటా ఎన్నడూ దిగలేదు.

వేడుక రోజు ఎండ బాగా కాసింది. వార్సిని పందిరి వెనక గుడ్డ చాటున గిన్నెల మధ్య నిలబడి చూసింది. మనిషెత్తు పసుపు గోపురం, కొనమీద మిరపపండుతో చేసిన పువ్వు, చుట్టూ కోడివేపుడు, పులిసిన సోయా గింజల టెంపే ముక్కలు, గుడ్లు, కొబ్బరికోరు కలిపిన ఆకుకూరలు. ఫోటోలవాళ్లు పొరుగు నగరం సంగతి మరిచిపోయారు. ఇస్మోయో ముఖం పెళ్లికొడుకు ముఖంలా ఉంది. ఇమాము దువా ప్రార్థన చదివాక, గౌరవం పూర్తిగా అతిథిదేనంటూ మేయరు కత్తి పాక్ హర్తాది చేతికిచ్చారు.

హర్తాది కత్తిని కళ్లకద్దుకున్నంత మర్యాదగా పక్కన పెట్టి, గరిటె ఉందా అని అడిగాడు. మైకులో తన నాన్నమ్మ గురించి రెండు మాటలు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు, ఇస్మోయో తప్ప. హర్తాది వంగి అడుగునుంచి తోడాడు. మొదటి గరిటె పళ్లెంలోకి వచ్చింది. రెండో గరిటెకు టక్కుమని చప్పుడైంది. ఎదురుగా మైకు ఉంది, తీరమంతా విన్నది.

ఆయన అన్నం కాస్త తొలగించి, నీలం తాడునూ వెదురు బద్దల్నీ చూశాడు. ఇంకాస్త వంగి లోపలికి చూశాడు.

"లోపల గాలి బాగా ఆడుతోంది," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు.

అక్కణ్ణుంచి నడిచి వెళ్లి వరసలో మొదటి కొబ్బరిచెట్టును ఒక చేత్తో పట్టుకుని పైకి లాగాడు. గుంటలోంచి అది చీపురులా వచ్చేసింది. చెట్టు కింద నరికిన మొదలు తెల్లగా ఉంది. దాన్ని మళ్లీ జాగ్రత్తగా గుంటలో పెట్టి, ఇసుక కప్పి, చేతులు దులుపుకుని వచ్చి భోజనానికి కూర్చున్నాడు. ఇస్మోయో మైకు అందుకుని, ఇది వంటావిడ పొరపాటని చెప్పాడు. గుడ్డ చాటున వార్సిని తలవంచుకుంది. ఆ మాటలో ఎంత నిజముందో ఆయనకు తెలియదు.

హర్తాది కోడివేపుడు రెండుసార్లు వడ్డించుకున్నాడు. పచ్చడి అద్భుతంగా ఉందన్నాడు. వెళ్లేముందు మేయరు రెండు చేతులూ పట్టుకుని, "తప్పకుండా ఆలోచిస్తాం" అన్నాడు. జావాలో పుట్టిన ఎవరికైనా ఆ మాటకు రామని అర్థమని తెలుసు. తొలిరాయి వెయ్యకుండానే కారెక్కాడు. కొత్త చలువరాయి పందిట్లోనే ఉండిపోయింది. సాయంత్రానికి పార్మిన్ దాన్ని తోపుడుబండి మీద ఇంటికి తెచ్చాడు.

ఇల్లు నిలిచింది. ఆ వారం వార్సిని హాయిగా నిద్రపోయింది. ఆ తర్వాతే అసలు సంగతి మొదలైంది.

ఊరిలో పెళ్లిళ్లకూ పడవల వేడుకలకూ తుంపెంగ్ పని బజారులోని పెద్ద వంటవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. వార్సిని తుంపెంగ్ అంటే వెదురు అని పేరు పడింది. ఎదురింటి కస్మి వీధిలో అందరూ వినేలా అడిగింది.

"అక్కా, మా మనవడి సున్తీకి చేసిపెట్టవూ? మేం మటుకు తింటాం మరి, ఫోటో తీసుకోం."

వార్సిని నవ్వింది. లోపలికి వెళ్లి, కొలను కింద పడకుండా కాపాడుకున్న పొయ్యి ముందు కూర్చుంది. పొయ్యి చల్లగా ఉంది. మిల్లు వెనక ఫ్లాట్లలోనైతే పొయ్యే ఉండదు కనక, అది చల్లారిందన్న దిగులూ ఉండేది కాదని ఆమెకు మొదటిసారి తోచింది. ఆవిరిపాత్రలో పార్మిన్ వల పెట్టుకోవడం మొదలెట్టాడు. ఆమె వద్దనలేదు. ఆ ఏడాది ఉపవాసాల నెలలో అప్పడాలు మాత్రం బాగా అమ్ముడుపోయాయి. ఇప్పుడు ఆరబెట్టడానికి ఇంకో చలువరాయి ఉందిగా.

ఎన్నికలు వచ్చాయి, మేయరు మారాడు. వానలు తగ్గిన ఒక పొద్దున ఇస్మోయో మోటారుసైకిల్ ఆమె అరుగు ముందు ఆగింది. తల కొంచెం నెరిసింది. చేతిలో కొత్త మ్యాపు ఉంది. బలిక్‌పాపన్ నుంచి ఎవరో వస్తున్నారట, ఈసారి ఖాయమట. వార్సిని మ్యాపులో తన ఇంటిచోటు వెతికింది. ఈతకొలను తూర్పుకు జరిగింది. ఆమె ఇంటిమీద ఇప్పుడు బస్సులు నిలిపే చోటుంది.

ఇస్మోయో పొట్లం విప్పి తింటూ, జరిగినవన్నీ మరిచిపోదామన్నాడు. తుంపెంగ్ మళ్లీ మనిషెత్తే కావాలన్నాడు.

"పైన కొన గట్టిగా. కింద కూడా ఈసారి మూరెడు ఎత్తున, మంచి అన్నం. ఎటునుంచి తిన్నా అన్నమే తగలాలి."

"మధ్యలోనండీ?" అంది వార్సిని.

ఇస్మోయో తినడం ఆపి ఒక్క క్షణం ఆలోచించాడు.

"మధ్యలోకి ఎవరొస్తారమ్మా," అన్నాడు.

ఆమె తలూపింది. ఆయన వెళ్లాక, లోపల పడుకున్న పార్మిన్‌ను లేపి, ఆవిరిపాత్రలోంచి వల తీసెయ్యమంది. వెదురు చాలదు, ఇంకో రెండు బొంగులు కొట్టుకురమ్మంది.