నాలుగో నంబరు రేకు

మా బావగారు రాళ్లు చెక్కుతారు. సమాధుల మీద పెట్టేవి, గేటు స్తంభాలకి బిగించేవి, స్కూలు గుమ్మం పైన పెట్టేవి, ఏవైనా సరే. అదే షాపులో నేను పాలిష్ పని చేస్తాను. మా ఆయనకి ఆయన స్వయానా అన్న. ఇద్దరన్నదమ్ములవీ పక్కపక్క వాటాలే కాబట్టి ఆయన గురించి నాకు తెలియంది తక్కువ.

షాపు ముందు ఒక పెద్ద బోర్డు ఉంటుంది. దాని మీద గొప్పవాళ్లు ఎప్పుడో చెప్పిన మాటలు నంబర్లు వేసి రాసి ఉంటాయి. కొన్ని మన భాషలో, కొన్ని లాటిన్‌లో. లాటిన్ ఇప్పుడు ఎవరింట్లోనూ మాట్లాడరట. అయినా దానికున్న గిరాకీ దేనికీ లేదు. అందులోనూ నాలుగో నంబరు. వచ్చినవాళ్లు బోర్డు పైనుంచి కింద దాకా చూస్తారు, తల గోక్కుంటారు, చివరికి నాలుగు దగ్గర ఆగుతారు.

"దీనర్థం ఏంటండీ?" అని కొందరు అడుగుతారు.

మా ఓనరు తడుముకోడు. భర్త పోయినావిడ అడిగితే "ప్రేమకి చావు లేదని" అంటాడు. లాయరు అడిగితే "న్యాయం ఆలస్యమైనా గెలుస్తుందని" అంటాడు. కసరత్తుల సెంటరు పెట్టుకున్న కుర్రాడొకడు వచ్చి అడిగితే "కండ ఉన్నవాడిదే లోకం అని" అన్నాడు. వాడు పొంగిపోయి రెండు పలకలు చేయించుకున్నాడు.

నేనొకసారి ఉండబట్టలేక అడిగేశాను. "నిజంగా దానర్థం ఏంటండీ?"

"నాకేం తెలుసమ్మా? మా నాన్న టైం నుంచీ ఉంది. అర్థం తెలిసిందనుకో, వంకలు పెడతారు. తెలీలేదనుకో, దండం పెడతారు."

బావగారికి ఆ గొడవే లేదు. ఆయన చదివి చెక్కేది కాదు. ఒక్కో మాటకి ఒక్కో రేకు ఉంటుంది. రేకులో అక్షరాలు కోసి ఉంటాయి. దాన్ని రాతి మీద పెట్టి తడి రంగు అద్దితే అచ్చు పడుతుంది. ఆ అచ్చు వెంట ఉలి పోనిస్తారు. రేకు ఎలా ఉంటే రాయి అలా వస్తుంది. నలభై ఏళ్లుగా ఆయన పనంతా అదే. నాలుగో నంబరైతే కళ్లు మూసుకుని చెక్కుతారని షాపులో చెప్పుకుంటారు.

ఆ సుత్తి దెబ్బలకీ గ్రైండరు మోతకీ ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. కుడిచెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిస్తే కొంచెం వినబడుతుంది. లేకపోతే లేదు.

ఇటు చూస్తే అక్క, అంటే ఆయన భార్య, నోరు మూసుకుని ఒక్క నిమిషం ఉండగలిగిన మనిషి కాదు. అలాగని అరిచేదీ కాదు.

"అరిస్తే పోట్లాడుతున్నట్టుంటుందే. పోట్లాడే రోజున అరుస్తాలే" అనేది నాతో.

అందుకని మామూలుగానే మాట్లాడేది. ఆయన తల ఊపేవారు. ఒకసారి భోజనాల దగ్గర, "మీ తమ్ముడికి నా వంట ఎక్కట్లేదు, ఉప్పెక్కువైందని వంకలు పెడుతున్నాడు" అంది. ఆయన ఎంతో ప్రేమగా నవ్వి, "మంచిదేగా, రేపు కూడా పెట్టమను" అన్నారు. మా ఆయనకి పొలమారి నీళ్లు తాగించాల్సి వచ్చింది. అక్క కూడా కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. వాళ్ల కాపురం అలా జరిగింది. ఆవిడ చెప్పేది, ఆయన తల ఊపేవారు. ఇద్దరికీ లోటనిపించలేదు.

అక్కకి పొట్టలో గడ్డ వచ్చింది. ఆస్పత్రివాళ్లు చూసి, ఇంక ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. తెచ్చి ముందుగదిలో కిటికీ పక్కన మంచం వేశాం. చివరి రోజుల్లో అక్క ఆయన చెయ్యి పట్టుకుని ఒకటే మాట్లాడేది. గొంతు సన్నగా అయిపోయింది. ఆయన దగ్గరగా వంగి తల ఊపుతూ ఉండేవారు. నేను జావ పట్టుకుని గుమ్మంలోకి వస్తే అక్క ఆపేసేది. "ఏంటక్కా కబుర్లు?" అంటే, "మొగుడూ పెళ్లాల మాటలు నీకెందుకే" అని తల అటు తిప్పుకునేది. నేను వెళ్లగానే మళ్లీ మొదలు. ఒక మధ్యాహ్నం అలా మాట్లాడుతూ మాట్లాడుతూనే పోయింది.

పూడ్చి వచ్చిన మర్నాడు బావగారు మా వాటాలోకి వచ్చి కూర్చున్నారు.

"అమ్మాయ్, చివర్లో మీ అక్క ఏం చెప్పింది?"

నేను చెవి దగ్గరికెళ్లి చెప్పాను. "నేను వినలేదు బావగారూ. నన్ను చూస్తే ఆపేసేది."

ఆయన నేలకేసి చూస్తూ అన్నారు.

"నేను తల ఊపాను. అన్నిటికీ ఊపాను. ఏం అడిగిందో, దేనికి ఒప్పుకున్నానో తెలీదు."

గ్లాసుతో నీళ్లిచ్చాను.

సమాధి రాయి మాట వచ్చినప్పుడు ఓనరు పెద్దమనసు చేసుకుని మంచి నల్లరాయి ఒకటి ఇచ్చాడు. "నాలుగో నంబరు కొట్టుకో, నీ చేత్తోనే" అన్నాడు. బావగారు అడ్డంగా తల ఊపారు. ఆయన అడ్డంగా ఊపడం షాపులో అదే మొదటిసారి అనుకుంటాను.

"బోర్డు మీదివి వద్దు. దాని మాటే చెక్కుతా. అది అన్నదే ఒకటి ఉండాలి రాయి మీద."

అక్కడినుంచి మొదలైంది. సాయంత్రం పని అవ్వగానే మనిషి మనిషి దగ్గరికీ వెళ్లి, "మా ఆవిడ ఏమనేది?" అని అడగడం. చెవులు వినబడవు కదా, నన్ను వెంటబెట్టుకెళ్లేవారు. వాళ్లు చెప్పింది నేను ఆయన చెవిలో అరిచేదాన్ని.

అక్క చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ ఒక మాట చెప్పింది, ఓర్పు గురించి. అక్క ఎప్పుడూ అదే అనేదట. నేను చెవిలో అరిచి ముగించకముందే బావగారు, "అది ఏడో నంబరు" అన్నారు.

"ఏం నంబరు?" అంది ఆవిడ.

"బోర్డు మీద ఏడోది. బోలెడన్ని చెక్కాను."

వీధి చివరి టైలరు దానధర్మం గురించి ఏదో చెప్పాడు. అది పదకొండు. పైవాటా ముసలావిడ చెప్పింది మందుల షాపు క్యాలెండరు మీదిది. అక్క అలాంటి మాట ఒక్కటి కూడా అనగా నేను వినలేదు. ఆవిడవన్నీ ఎవరింట్లో ఎవరికి పడట్లేదు, చింతపండు ఎందుకింత నల్లగా ఉంది, ఇలాంటివే. అలాగని వాళ్లు అబద్ధం చెప్పలేదు. కళ్లనీళ్లు పెట్టుకునే చెప్పారు. ఆవిడ నిజంగా అన్న మాటలు గుర్తు చేసుకుంటే ఇంత బాధకి సరిపోవనిపించిందేమో.

తిరిగొచ్చేటప్పుడు దారిలో బావగారు ఆగిపోయారు.

"పోగానే అందరూ బోర్డు చదివినట్టు మాట్లాడినవాళ్లే అయిపోతారేంటమ్మా? అది బతికుండగా అలా మాట్లాడేదా?"

"లేదు బావగారూ."

"మరేం మాట్లాడేదో నువ్వైనా చెప్పు."

అప్పుడు చెప్పాను. ఆయన పని నుంచి ఇంటికొచ్చేసరికి తల నుంచి కాళ్లదాకా రాతిపొడి ఉంటుంది. అక్క తువ్వాలు పట్టుకుని గుమ్మంలోనే ఎదురయ్యేది. "అక్కడే ఆగండి, దులుపుతా" అనేది. వానొచ్చినా, ఒంట్లో బాగోకపోయినా, ఆ మాట రోజూ నేను మా గుమ్మంలో నుంచి విన్నదే.

ఆయన నా మొహంలోకి చూశారు. "అలా అనేదా?"

"రోజూ అనేది."

"నేను తిడుతోందనుకున్నాను. ఇల్లంతా పాడుచేస్తున్నానని. అందుకే తల దించుకుని నిలబడేవాణ్ణి."

నవ్వారు. ఆవిడ పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఇంటిదాకా ఆ మాట పెదాలతో అనుకుంటూనే వచ్చారు.

వాళ్లకి ఒక్కతే కూతురు, ఊళ్లోనే బట్టల షాపులో పని చేస్తుంది. విని మండిపడింది.

"దులుపుతా ఏంటి నాన్నా? అమ్మ పక్కన పడుకున్నావిడ రాయి మీద లాటిన్ ఉంది. ఇటు పక్కాయనకీ లాటినే. మధ్యలో మా అమ్మకి చీపురు మాటలా? జనం నవ్వుతారు. పిన్నీ, నువ్వైనా చెప్పవే!"

"అది మీ అమ్మ మాటే తల్లీ" అన్నాను.

"అయితే ఇంట్లో అనుకోండి. రాయి మీద ఎందుకు?"

ఆయనకి సగం వినబడలేదు. వినబడిన సగానికి ఒకటే జవాబు. "నేను చెక్కుతా."

కానీ ఎలా చెక్కుతారు? ఆ మాటకి రేకు లేదు. సుద్దముక్కతో రాతి మీద రాయబోతే చెయ్యి రాలేదు. ఉలి పట్టిన చేతికి గీత గీయడం తెలీదు. పెయింటరుతో రాయిద్దామన్నాడు మా ఆయన. "దాని మాట ఇంకొకడి చేతిరాతలోనా?" అని ఒప్పుకోలేదు.

అప్పుడు చేశారు ఆ పని. షాపు తలుపులు తీయకముందే వెళ్లి, మన భాషలో ఉన్న రేకులన్నీ దించి, కత్తెరతో అక్షరాలు విడివిడిగా కత్తిరించారు. ఏడులోంచి ఒకటి, పదకొండులోంచి ఒకటి, రెండులోంచి ఒకటి. అన్నీ అతికించి అక్క మాట తయారు చేశారు. నేను వెళ్లేసరికి రాతి మీద అచ్చు వేసి సగం చెక్కేశారు కూడా.

ఆయన చూసుకోనిది ఒకటుంది. ఏడో నంబరు గేటు స్తంభాల రేకు, దాని అక్షరాలు జానెడేసి. రెండోది చిన్నపిల్లల సమాధులకి వాడేది, అక్షరాలు బొటనవేలంత. ఒక్కో మాటని ఒక్క రేకుతో కొట్టినన్నాళ్లూ ఆ తేడా ఎప్పుడూ అడ్డం రాలేదు. ఇప్పుడు అన్నీ ఒక్క వరసలో పడేసరికి కొన్ని ఎత్తు, కొన్ని పొట్టి. ఎగుడుదిగుడు పళ్లలా ఉంది. చివరికొచ్చేసరికి చోటు చాలక ఆఖరి అక్షరం అంచు మీద పడింది. అక్కడ ఉలి పెట్టగానే పెచ్చు లేచిపోయింది.

ఆయన సుత్తి కింద పెట్టి వెనక్కి జరిగి చూశారు. అప్పటిదాకా దగ్గరగా వంగి ఒక్కో అక్షరమే చూశారు కదా, అంతా కలిపి చూడ్డం అప్పుడే.

ఓనరు వచ్చి కింద పడున్న రేకు ముక్కలు చూసి తల పట్టుకున్నాడు. "అన్నీ కోసేశావా? మా నాన్న చేయించినవయ్యా!" అని ఇంకా ఏదో అనబోయి రాయి మీదున్నది చదివాడు. వెళ్లి టీ చెప్పాడు అందరికీ.

మంచిగా మిగిలినవి లాటిన్ రేకులే. వాటిల్లో ఒక్క అక్షరమైనా అక్క మాటకి పనికిరాదు కాబట్టి బావగారు వాటిని ముట్టుకోలేదు.

వానలు దగ్గరపడ్డాయి. శ్మశానం వాచ్‌మన్ ఇంటికొచ్చి, "మట్టి కుంగిందంటే ఎవరిదెక్కడో నేను చూపించలేను, తొందరగా రాయి పెట్టుకోండి" అని చెప్పి వెళ్లాడు. కూతురు ఏడ్చింది. ఈసారి దెబ్బలాడలేదు, ఊరికే ఏడ్చింది. బావగారు నా దగ్గరికి వచ్చి రాయి చూపించారు.

"అరగదీసెయ్యమ్మా."

"కొత్త రాయి అడుగుదాం బావగారూ."

"ఎన్నడుగుతాం? అడిగినా అంతే వస్తుంది. నాకు రాదు."

నేనే అరగదీశాను. పాలిష్ పని నాదే కదా. గ్రైండరు పెట్టి నీళ్లు పోస్తూ ముందు చిన్నక్షరాలు, తర్వాత పెద్దవి. లోతుగా కొట్టారేమో, చాలాసేపు పట్టింది. ఆ పెద్దక్షరం ఒకటి ఎంతకీ పోదే. ఆయన నా ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని అది పోయేదాకా చూస్తూనే ఉన్నారు.

మర్నాడు నాలుగో నంబరు రేకు దించారు. భోజనాల వేళకి అయిపోయింది. ఒక్క పెచ్చు లేవలేదు, ఒక్క గీత వంకర పోలేదు. ఆయన చేసినవాటిలో అంత బాగా వచ్చింది నేను చూడలేదు.

రాయి పెట్టిన రోజు కూతురు అక్షరాల వెంట నెమ్మదిగా వేలు పోనిచ్చింది. "ఎంత బాగుందో కదా పిన్నీ. అమ్మకి తగ్గట్టుగా ఉంది."

"ఏమంటోంది?" అన్నారు బావగారు.

చెవిలో చెప్పాను.

"అందులో ఏముందో దానికి తెలుసా?"

"తెలీదు బావగారూ. ఎవరికీ తెలీదు."

ఆయన తల ఊపారు. తర్వాత కూతురు దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశారు. అది ఏడుస్తూ నాన్న వైపు తిరిగి ఏదో చాలాసేపు చెప్పింది. ఆయన దానికీ తల ఊపుతూనే ఉన్నారు.